పాత బండి, గట్టి బండి: 356 మైళ్ల మీటరు ఏం చెబుతుంది?

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌కు వచ్చినవాళ్లు ముందు దర్బారు హాలులోకి వెళ్లి, షాండ్లియర్ల కింద మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తారు. తర్వాత తీరిగ్గా పాత కార్ల దగ్గరికి చేరతారు. అక్కడ పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఒకటుంది. దాని ముందు పది నిమిషాలు నిలబడితే చాలు, "అప్పటి ఇనుమే వేరు, ఇప్పుడొచ్చేవన్నీ రేకు డబ్బాలు" అనే మాట ఎవరో ఒకరి నోట వినబడుతుంది. తెలుగులో కాకపోతే దక్కనీలో.

పాత ఖరీదైన బండ్లు పెట్టుకున్నవాళ్ల మధ్య ఇది ఎప్పటికీ తెగని వాదన. ఒకాయన తలుపు వేసి చూపిస్తాడు, ఇనప్పెట్టె మూసినట్టు బరువైన చప్పుడు. ఇంకొకాయన అదే తలుపు కిందికి వంగి, వేలు దూరేంత బొక్క చూపిస్తాడు. ఇద్దరూ కళ్లతో చూసిందే చెబుతున్నారు. కాబట్టి ఎవరు అబద్ధమాడుతున్నారన్నది ప్రశ్న కాదు. ఎవరి సాక్ష్యం దేనికి సరిపోతుందన్నది ప్రశ్న.

ముందు ఆ పసుపు కారునే సాక్షిగా పిలుద్దాం. ఇది 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చాడు. కారు వచ్చేసరికి ఆయన లేడు. 1911 ఆగస్టు 29న చనిపోయాడు. బండి కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చేతికొచ్చింది. వెనక సీటు స్థానంలో ఎత్తుగా సింహాసనం లాంటి ఆసనం, పైన గుమ్మటం లాంటి కప్పు. ఊరేగింపుల కోసం చేయించిన బండి. తిరిగింది మొత్తం 356 మైళ్లని దాని గురించి రాసినవాళ్లు చెబుతారు. అంటే సుమారు 573 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి బెంగళూరుకు ఒక్కసారి పోయినంత, తిరిగి రాకుండా.

నూరేళ్లలో బెంగళూరు దాకా ఒక్కసారి పోయిన బండి ఇంజను గట్టిదా కాదా అని ఆ బండిని అడిగితే అదేం చెబుతుంది? పిస్టన్ అరగలేదు, బేరింగు అరగలేదు, ఎందుకంటే అరగడానికి పని తగల్లేదు. అది ఇవాళ మెరుస్తోందంటే దాన్ని నీడన పెట్టినవాళ్లనూ, తర్వాత రిస్టోరేషన్ చేసినవాళ్లనూ మెచ్చుకోవాలి. చేసినవాడి పనితనానికి అది రుజువు కాదు.

ఇంకో చిన్న మెలిక. ఆ బండిని చేసింది ఒక్కరు కాదు. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ అమ్మింది చాసీ, ఇంజను, చక్రాలు మాత్రమే. అవి డెర్బీ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. పైబాడీ కొనుక్కున్నవాడు వేరే చోట కట్టించుకోవాలి. ఈ బండికి లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టింది. అప్పటి బాడీలంటే లోపల కర్ర చట్రం, మీద లోహపు రేకు. అంటే గుర్రపు బగ్గీలు కట్టే వడ్రంగం. "రోల్స్‌రాయిస్ క్వాలిటీ" అని మనం చేత్తో తట్టి చూసే తలుపు రోల్స్‌రాయిస్ వాళ్లది కానే కాదు.

అయితే సిల్వర్ ఘోస్ట్ గట్టిదనానికి రుజువే లేదా అంటే, ఉంది. 1907లో బ్రిటన్‌లోని రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులను ఎక్కించుకుని ఒక బండిని రాత్రింబవళ్లు తిప్పారు. 629 మైళ్ల దగ్గర ఒకసారి ఆగింది. కారణం ఏదో విరగడం కాదు, కుదుపులకు పెట్రోలు కుళాయి దానంతటదే మూసుకుంది. అక్కడినుంచి 14,371 మైళ్లు, అంటే 23 వేల కిలోమీటర్ల పైచిలుకు, తనంతట తాను ఆగకుండా తిరిగింది. తర్వాత బండిని విప్పి కొలతలు తీశారు. మళ్లీ కొత్తదానిలా చేయడానికి కావలసిన విడిభాగాల ఖర్చు రెండు పౌండ్ల రెండు షిల్లింగుల ఏడు పెన్నీలని తేల్చారు.

సాక్ష్యమంటే ఇలా ఉండాలి. బయటివాళ్ల కళ్లముందు తిప్పారు, విప్పి కొలిచారు, లెక్క కట్టారు. అయినా ఒక మాట అనుకోక తప్పదు. అది కంపెనీ తానే ఎంచి పంపిన బండి, నడిపింది ఆరితేరిన డ్రైవర్లు. పైగా 1912 నాటి ఘోస్ట్‌కు బ్రేకులు వెనక చక్రాలకే. నాలుగు చక్రాల బ్రేకులు ఆ మోడల్‌కు వచ్చేసరికి 1920లు సగానికి వచ్చాయి. చక్కగా చేసిన యంత్రం, ఆగడానికి మాత్రం ఓపిక పట్టాల్సిన యంత్రం. ఈ రెండూ ఒకే బండిలో ఉండొచ్చు.

ఇక రెండో సాక్షి. అదే కుటుంబం, అదే ఊరు. ఏడో నిజాం 1967 ఫిబ్రవరి 24న చనిపోయాడు. మనవడు ముకర్రం జా వారసుడయ్యాడు. ఆ ఏప్రిల్‌లో పట్టాభిషేకం ఇదే చౌమహల్లాలో జరిగింది. ఆయనకు దక్కిన ఆస్తి ఎలాంటి స్థితిలో ఉందో చరిత్రకారుడు విలియం డాల్‌రింపుల్ రాశాడు. గ్యారేజీలో 60 కార్లు, పెట్రోలుకూ సామాన్లకూ ఏటా 45 వేల పౌండ్ల ఖర్చు, నడిచే స్థితిలో ఉన్నవి నాలుగు. పట్టాభిషేకం నుంచి కొత్త నిజామును తీసుకుపోవాల్సిన లిమోజిన్ దారిలో మొరాయించిందట. ఇది జరిగిన నలభై ఏళ్లకు రాసిన మాట, గ్యారేజీ రిజిస్టరు కాదు. అంకెలను అటూఇటూగానే తీసుకుందాం. అరవైలో నాలుగు కాక పది నడిచినా, మన వాదనకు వచ్చే తేడా పెద్దగా లేదు.

ఎందుకంటే ఆ 60లో చౌకబారు బండ్లు పెద్దగా ఉండి ఉండవు. లోకంలోకెల్లా ధనవంతుడని టైమ్ పత్రిక 1937లో ముఖచిత్రం వేసిన మనిషి గ్యారేజీ అది. మంచి కంపెనీలవీ మూలపడ్డాయి. పెట్రోలు, సామాన్ల పేరుతో డబ్బు పోతూనే ఉంది, బండ్లు మాత్రం కదల్లేదు. ఆ 45 వేల పౌండ్లు ఎటు పోయాయో ఊహించడానికి పరిశోధన అక్కర్లేదనుకోండి. కానీ అది వేరే వ్యాసం.

చౌమహల్లాలో మనం చూసేది అలా మిగిలిన కొన్నిటినే. మూలపడి తుక్కుకు పోయిన బండిని ఎవరూ టిక్కెట్టు కొని చూడరు. తాత నూరేళ్లు బతికాడు కాబట్టి ఆ కాలం తిండి గొప్పదని అనేటప్పుడు, పసితనంలోనే పోయిన ఆయన తోబుట్టువులు లెక్కలోకి రారు. బండ్లదీ అదే కథ. గట్టిదనం తేల్చాలంటే ఎన్ని చేశారు, ఎన్ని మిగిలాయి, మిగిలినవాటిలో ఏమేం మార్చారు అన్న మూడూ కావాలి. మన వాదనల్లో చాలావరకు మిగిలినవాటి ఫొటోలే ఉంటాయి.

ఇనుము విషయంలో పాతబస్తీ పొలిమేరలోనే ఒక కఠినమైన ఉదాహరణ ఉంది. గౌలిగూడ బస్టాండుగా పాతతరం వాళ్లకు బాగా గుర్తున్న ఆ గుండ్రటి ఇనప హ్యాంగరు. నిజాం కాలంలో నిలబెట్టింది. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టినప్పుడు బస్సులకు నీడయ్యింది. ఎనభై ఏళ్లకు పైగా నిలిచింది. అది నిలిచినన్నాళ్లూ "అప్పటి ఇనుము" మాటకు అదే రుజువు. 2018 జూలైలో ఒక పొద్దున కుప్పకూలింది. కింద మనుషులు లేరు. కూలడానికి కొన్నేళ్ల ముందు ఎవరైనా చూసి ఉంటే, ఎంత గట్టిదో అనే ఉండేవారు. ఇనుము లోపల్నుంచి తినబడుతున్నప్పుడు బయటికి చెప్పదు.

ఇక దగ్గర్నుంచి చూసిన సంగతి ఒకటి. మిత్రుడొకరి దగ్గర 1950ల నాటి పెద్ద అమెరికన్ కారుంది. పురానాపూల్ అవతల ఒక డెంటింగ్ షెడ్డులో దాన్ని విప్పుతుంటే వెళ్లాను. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. జేబులోంచి చిన్న అయస్కాంతం తీశాడు, పాత స్పీకరులోంచి ఊడదీసిన గుండ్రటిది. రంగు గీసుకుపోకుండా దాన్ని జేబురుమాల్లో చుట్టి తలుపు మీద పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. పైన గట్టిగా పట్టింది. పిడి కింద జానెడు దాకా పట్టింది. అక్కణ్నుంచి జారి చేతిలో పడింది.

"ఇక్కడికెళ్లి రేకు లేదు సార్. పుట్టీ."

"ఇది ఒరిజినల్ తలుపే కదా భాయ్?"

"తలుపు ఒరిజినలే సార్. కిందిది మా ఉస్తాద్ ఒరిజినల్."

సుత్తి వెనకవైపుతో తట్టి చూపించాడు. పైన గంటలాంటి శబ్దం, కింద చెక్క మీద కొట్టినట్టు మొద్దు చప్పుడు. ఆ తలుపు మూసినప్పుడు వచ్చే బరువైన చప్పుడుకు మా మిత్రుడు ఇరవై ఏళ్లుగా మురిసిపోతున్నాడు. అందులో కొంత అమెరికా రేకుది, కొంత పాతబస్తీ పుట్టీది. న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. పైన పూత ఉండటమే మోసం కాదు. ఆ కాలం అమెరికన్ ఫ్యాక్టరీల్లోనే రేకుల అతుకుల మీద సీసం కరిగించి పూసి, ఆకురాయితో నున్నగా రాసేవారు. అయస్కాంతం సీసానికీ పట్టదు, అల్యూమినియానికీ పట్టదు. ఆ పరీక్ష అడగాల్సిన ప్రశ్న ఎక్కడుందో చూపిస్తుంది, జవాబు ఇవ్వదు.

రేకు మందం మాట నిజమే. ఆనాటి పెద్ద కార్లకు 18, 20 గేజి రేకు మామూలు. అంటే ఒక మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. ఇవాళ్టి కార్ల పైరేకు ముప్పావు మిల్లీమీటరు దగ్గర ఉంటుంది. వేలితో నొక్కితే తెలిసే తేడా. కానీ ఆ మందపు రేకుకు జింకు పూత లేదు. ఇవాళ బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి కరెంటు సాయంతో సందు సందుకూ ప్రైమరు పట్టిస్తారు. అప్పుడు తలుపు లోపలి మడతలోకి బ్రష్షు వెళ్లేది కాదు. అద్దం సందులోంచి దిగిన వాననీళ్లు ఆ మడతలోనే నిలిచేవి. మందపు రేకు కాబట్టి తుప్పుకు నాలుగేళ్లు ఎక్కువ పట్టింది, అంతే. అందుకే ఏ పాత కారైనా కిందినుంచే పోతుంది, పైనుంచి కాదు.

మీటర్లు కూడా ఒక మాట చెబుతాయి. ఆ కాలపు చాలా అమెరికన్ కార్ల మీటరులో ఐదంకెలే. 99,999 మైళ్లు దాటితే మళ్లీ సున్నా. లక్ష మైళ్లు తిరిగే బండి అరుదు కాబట్టి ఆరో అంకె అవసరం రాలేదు. ఇవాళ అమెరికా రోడ్ల మీద తిరిగే బండ్ల సగటు వయసు 12 ఏళ్లు దాటింది. 1970 ప్రాంతంలో అది ఇందులో సగం కూడా లేదు. జనం కొత్తవి కొనలేకపోవడం లాంటి కారణాలూ ఇందులో కలిసే ఉంటాయి. అయినా "ఇప్పటివి నిలవవు" అనే మాటకు ఈ అంకె ఎదురే వస్తుంది.

అన్నిటికన్నా గట్టి పరీక్ష 2009లో జరిగింది. అమెరికాలో బీమా కంపెనీలు నడిపే రోడ్డు భద్రతా సంస్థ తన 50వ ఏడాది సందర్భంగా 1959 షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 షెవర్లే మాలిబూనూ ఎదురెదురుగా ఒకే వైపు తగిలేలా గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించింది. పాత బండిలో స్టీరింగు డ్రైవరు మీదికి వచ్చేసింది, క్యాబిన్ నలిగిపోయింది. పరీక్ష కోసం కూర్చోబెట్టిన బొమ్మ స్థానంలో మనిషుంటే బతకడు. కొత్తదాంట్లో కాలికి చిన్న దెబ్బ.

పాత కార్లవాళ్లు ఒప్పుకోలేదు. ఇంజను తీసేసి గుద్దించారన్నారు. ఇంజను ఉందని సంస్థ జవాబిచ్చింది. లోపల తుప్పు పట్టి ఉంటుందన్నారు. నాకు కాస్త బరువున్నదిగా కనిపించింది మూడో అభ్యంతరం. ఆ మోడల్ చాసీ ఎక్స్ ఆకారంలో ఉంటుంది, బండి అంచుల వెంట దెబ్బను మోసే దూలాలు అందులో లేవు. కాబట్టి 1959 నాటి ప్రతి కారూ అంత ఘోరంగా నలుగుతుందని ఈ ఒక్క పరీక్షతో అనలేం. కానీ వేరే ఆకారపు చాసీ ఉన్నా ఛాతీ ముందు ఎయిర్‌బ్యాగు, నడుముకు బెల్టు ఎక్కడివి? మన దేశంలో కార్ల ముందు సీట్లకు బెల్టు తప్పనిసరి అయ్యిందే 1994లో.

ఇన్ని సాక్ష్యాలూ పాత బండికి ఎదురు తిరుగుతున్నాయి కదా, మరి ఇంతమంది అనుభవం ఎలా అబద్ధమవుతుంది? కాదనే నా ఉద్దేశం. వాళ్లు చూసింది నిజం, పెట్టిన పేరు తప్పు. వాళ్లు గట్టిదనం అంటున్నది బాగుచేసుకోగలగడాన్ని.

ఆ షెడ్డులోని మేస్త్రీ పని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సొట్టపడ్డ మడ్‌గార్డును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చాడు. వెనక ఇసుక సంచి ఆనించి సుత్తితో నెమ్మదిగా తట్టాడు. తడిగుడ్డ అద్దాడు. మెత్తటి ఇనుము మాట విన్నది. ఈ పని ఆ రేకుతో నూరుసార్లు చేయొచ్చు. ఇవాళ్టి కారు తలుపు స్తంభాల్లో వాడేది వేడిగా అచ్చు వేసి ఒక్కసారిగా చల్లార్చిన బోరాన్ ఉక్కు. మామూలు బాడీ ఇనుముకు నాలుగైదు రెట్ల బలం. ఇవాళ్టి క్యాబిన్లు నలగకుండా ఆపేది ఎక్కువగా ఆ జాతి ఉక్కే. కానీ దానికి మంట చూపిస్తే బలం పోతుంది. వంగితే సరిచేయకూడదు, కోసి కొత్తది వేయాలని కంపెనీలే చెబుతాయి. మనిషిని కాపాడే గుణమే మేస్త్రీ సుత్తిని పనికిరాకుండా చేసింది. మేస్త్రీ కళ్లతో చూస్తే కొత్త కారు నాసిరకం. బీమావాడి కళ్లతో చూస్తే పాతది నాసిరకం.

అంబాసిడర్ దీనికి ఇంకా మంచి ఉదాహరణ. 1950ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా, 2014 దాకా ఉత్తరపారాలో తయారైంది. అది చెడిపోలేదని ఎవరూ అనలేదు. ఎక్కడ చెడిపోయినా అక్కడే ఎవరో ఒకరు బాగుచేశారు, అదే దాని పేరు నిలబెట్టింది. పుత్లీబౌలి దుకాణాల్లో సామాను, పక్క గల్లీలో లేత్ మిషను, కమాన్ పట్టీలు కట్టేవాడు ఇంకో రెండడుగుల్లో. ఊరంతా కలిసి ఒక బండిని నిలబెడితే, ఆ పేరు ఫ్యాక్టరీకి పోయింది.

ఇదే వాదన సముద్రం మీద కూడా నడుస్తోంది. పాత విలాసపు మోటారు యాట్‌లు కొన్నవాళ్లు, 1960లవి ట్యాంకుల్లా కట్టారంటారు. అమెరికాలో హాటెరాస్ కంపెనీ 1960లో 41 అడుగుల ఫైబర్‌గ్లాస్ మోటారు పడవను నీళ్లలోకి దించింది, ఆ పరిమాణంలో ఫైబర్ పడవ అప్పటికి కొత్త. ఈ పదార్థం ఎంత మోస్తుందో అనుభవం లేక చాలామంది తయారీదారులు పొట్ట మందంగా పోసేశారు. తర్వాత బరువు తగ్గించడానికి మధ్యలో బాల్సా కర్ర పెట్టడం పెరిగింది. ఎక్కడో ఒక స్క్రూ బొక్కలోంచి నీళ్లు దిగి ఆ కర్ర కుళ్లింది. మందంగా పోసినవాటికీ కొన్నిటికి నీటి అడుగు భాగాన బొబ్బలొచ్చాయి. అక్కడ సర్వేయరు చేసేదేమిటంటే, చిన్న సుత్తితో పొట్ట పొడవునా తట్టుకుంటూ పోతాడు. మోగితే మంచిది, మొద్దుగా పలికితే కుళ్లు. పురానాపూల్ మేస్త్రీ దగ్గర అయస్కాంతం అదనం, అంతే తేడా.

పెద్దవాళ్ల కథల విషయంలో కూడా కాస్త జాగ్రత్త పడాలి. షోరూములో అవమానం జరిగిందని ఒక రాజు రోల్స్‌రాయిస్‌లు కొని చెత్త ఎత్తించాడనే కథ అందరికీ తెలుసు. చెప్పేవాణ్ని బట్టి ఆ రాజు అల్వార్ వాడవుతాడు, పటియాలా వాడవుతాడు, హైదరాబాదు వాడూ అవుతాడు. పేరు ఇన్నిసార్లు మారే కథను గట్టిదనానికి సాక్ష్యంగా తేవడం న్యాయం కాదు.

ఇప్పుడీ చర్చకు కాగితాల బెడద కూడా వచ్చింది. 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి ఉండాలి, నంబరులో "వీఏ" అక్షరాలుంటాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు. ముఖ్యమైన షరతు ఒకటి: బండి అసలు రూపంలోనే ఉండాలి, చాసీలో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. పెట్రోలు ఖర్చు భరించలేక దేశమంతటా పెద్ద అమెరికన్ కార్లకు డీజిల్ ఇంజన్లు బిగించిన రోజులున్నాయి. ఆ మార్పే వాటిని తుక్కుకు పోకుండా ఆపింది. ఇప్పుడదే వాటికి అడ్డు.

మా మిత్రుడి కారు గురించి ఆ సాయంత్రం షెడ్డులో తేలనిది కూడా ఇదే, అసలు రూపం ఏదన్నది. మేస్త్రీ బానెట్ అంచున అరచేయంత మేర ఎమరీ కాగితంతో రుద్దాడు. పైన మెరూన్ రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. దాని కింద బూడిదరంగు ప్రైమరు, ఆ కింద పలచగా మళ్లీ నీలం. చెట్టు మొద్దులో వలయాల్లా, ఒకదాని చుట్టూ ఒకటి.

"ఏ రంగు దాకా గీకాలె సార్?" అని అడిగాడు.

మిత్రుడు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ నీలాన్ని చూస్తూ ఉండిపోయాడు.